ఎక్కడ దొరికింది?

గుత్తి టంకసాలలో కొట్టిన పైసాని చేతిలో పట్టుకుని చూడాలంటే గుత్తి మనిషి బెంగళూరు పోవాల్సిందే. అనంతపురం జిల్లాలో నాణేలు పోగేసేవాళ్లు లేరని కాదు. రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఒకరిద్దరు కిరాణా వ్యాపారులు బీరువాల్లో ఆల్బమ్‌లు దాచుకునే ఉన్నారు. కానీ కొనాలన్నా, అమ్మాలన్నా, ఒక నాణేన్ని ఇంకోదాని పక్కన పెట్టి వాదించుకోవాలన్నా దగ్గరి చోటు బెంగళూరులో జరిగే ప్రదర్శనలే. హైదరాబాదు ఇంకా దూరం. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మీద బస్సెక్కితే దారిలో పెనుకొండ కొండ కనబడుతుంది. ఆ తర్వాత కొడికొండ చెక్‌పోస్టు దగ్గర లేపాక్షికి రోడ్డు చీలుతుంది. ఈ రెండు ఊళ్ల చరిత్రలో చేతులు మారిన సొమ్ము ఇప్పుడు ఆ ప్రదర్శన హాల్లో గాజు బల్లల కింద, పక్కన ధర చీటీతో పడుకుని ఉంటుంది.

హాలు సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. కల్యాణ మంటపం లాంటి చోటు, వరసగా బల్లలు, బల్ల వెనక వ్యాపారి, ముందు జనం. సగం మంది ఈ కాలపు నాణేల కోసం వస్తారు. సంవత్సరం కింద చుక్క గుర్తుంటే నోయిడా, డైమండ్ ఉంటే ముంబై, నక్షత్రం ఉంటే మన హైదరాబాదు టంకసాల, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. పిల్లలకు ఇది మంచి ఆట, ఖర్చు కూడా తక్కువ. జేబులో చిల్లర తీసి చూసుకుంటే చాలు. మిగతా సగం జనం పాత నాణేల బల్లల దగ్గర మూగుతారు. అక్కడ వినిపించే మాట ఒక్కటే: "ఎంత?"

ఈ ప్రశ్నతో నాకు పేచీ ఉంది. అమ్మేవాడికీ కొనేవాడికీ అది తప్పదు, ఒప్పుకుంటాను. కానీ దక్షిణాది నాణేల విషయంలో, అందులోనూ మన సీమ నాణేల విషయంలో, ముందు అడగాల్సింది "యాడ దొరికింది?" అని. ఎందుకో ఒక నాణెం చూస్తే తెలుస్తుంది.

అచ్యుతరాయల కాలపు బంగారు వరహా అది. తూకం సుమారు మూడు గ్రాముల నలభై సెంటీగ్రాములు. చిటికెన వేలి గోరంత వెడల్పు. అంత చోటులో గండభేరుండం. రెండు తలల పక్షి, రెండు ముక్కుల్లో రెండు ఏనుగులు, గోళ్లలో మరో రెండు. పది రెట్ల భూతద్దం పెడితే వేలాడే ఏనుగు తొండం వంపు కూడా కనబడుతుంది. వెనక్కి తిప్పితే అడ్డగీతల మధ్య మూడు వరసల నాగరి అక్షరాలు: శ్రీ ప్రతాపాచ్యుతరాయ. అంతే. ఏ ఊళ్లో కొట్టారో లేదు, ఏ సంవత్సరంలో కొట్టారో లేదు. విజయనగర నాణేల్లో చాలా వాటి సంగతి ఇదే. రాజు పేరు, దేవుడి బొమ్మ లేదా జంతువు బొమ్మ ఉంటాయి. ఊరు, తేదీ ఉండవు.

అచ్యుతరాయలు ఏలింది 1529 నుంచి 1542 వరకు. లేపాక్షి వీరభద్రాలయం కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులది ఆ కాలమే. రాజు ఊళ్లో లేనప్పుడు విరూపణ్ణ ఖజానా సొమ్ము తీసి గుడికి ఖర్చు పెట్టాడని, శిక్ష పడకముందే తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టుకున్నాడని లేపాక్షిలో ఇప్పటికీ చెబుతారు. గోడ మీది ఎర్ర మరకలు చూపిస్తారు. కథ నిజమైనా కాకపోయినా, ఆ ఖజానాలో ఉండాల్సిన సొమ్ము మాత్రం ఇలాంటి గండభేరుండ వరహాలే. గుడి స్తంభాలు చూసి ఫోటోలు దిగే వాళ్లలో వాటిని నిలబెట్టిన కూలీల లెక్క ఏ బిళ్లల్లో జరిగిందో ఆలోచించేవాళ్లు తక్కువ.

ఇప్పుడు ఆ వరహా లేపాక్షి దగ్గర ఒక చేనులో దొరికిందనుకుందాం. దానికో అర్థం. అదే నెల్లూరులోనో, కొంకణంలోనో దొరికితే ఇంకో అర్థం: సొమ్ము ఎంత దూరం తిరిగిందో, ఏ బాటన పోయిందో చెబుతుంది. నాణెం మీద ఊరి పేరు లేనప్పుడు అది తిరిగిన దారి తెలిసేది దొరికిన చోటు వల్లే. బల్ల మీదికి చేరేసరికి ఆ ఒక్క ఆధారం రాలిపోయి ఉంటుంది.

ఈ బిళ్లల్ని ఎలా చేశారో తెలిస్తే చూసే కన్నే మారుతుంది. ముందు తూకం ప్రకారం బంగారు ముక్కల్ని సిద్ధం చేసి గుండ్రంగా సాగగొట్టేవారు. కింది అచ్చు దాగలిలో బిగించి ఉంటుంది. దాని మీద బిళ్ల పెట్టి, పై అచ్చు ఆనించి, సమ్మెటతో ఒక్క దెబ్బ. అచ్చులు చాలాసార్లు బిళ్ల కన్నా పెద్దవి. అందుకే ఒక నాణెం మీద పక్షి తోక పోతుంది, ఇంకోదాని మీద అక్షరాల చివర్లు పోతాయి. ఒకే అచ్చులో పడిన నాణేలు పది పక్కపక్కన పెడితే అచ్చు మొత్తం ఎలా ఉండేదో తిరిగి గీయొచ్చు. అచ్చు వాడేకొద్దీ పగులుతుంది, ఆ పగులు నాణెం మీద సన్నని గీతలా తేలుతుంది. గీత పొడుగును బట్టి ఏది ముందు కొట్టారో, ఏది తర్వాత కొట్టారో చెప్పేవాళ్లున్నారు. నాణేల సేకరణలో నాకు నిజంగా ముచ్చటేసే పని ఇదే. దీనికి డబ్బు కన్నా ఓపిక ఎక్కువ కావాలి.

బంగారం వరహాలతోనే లోకం నడవలేదు. 1443లో రెండో దేవరాయల కొలువుకు వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ నాణేల లెక్క రాసి పెట్టాడు: వరహా, అందులో సగం ప్రతాప, ప్రతాపలో పదో వంతు హణం, హణంలో ఆరో వంతు వెండి తార, తారలో మూడో వంతు రాగి జీతల్. ఇన్నింటిలో జనానికి ఎక్కువ పనికొచ్చేది హణమేనని కూడా అన్నాడు. శ్రీనాథుడికి కనకాభిషేకం చేశాడని మనం చెప్పుకునే ప్రౌఢదేవరాయలు ఈయనే. హణం తూకం గ్రాములో మూడో వంతుకు అటూ ఇటూ. చేతిలో నుంచి జారితే గచ్చు పగుళ్లలో దూరిపోతుంది. గుప్పెడు హణాల్ని లెక్కపెట్టడం ఎలా? తిరువాంకూరు వైపు దీనికో చెక్క పలక ఉండేది. పలక నిండా వరసగా గుంటలు, ఒక్కో గుంటలో ఒక్క నాణెమే పడుతుంది. గుప్పెడు పోసి ఆడిస్తే గుంటలు నిండుతాయి, మిగిలింది పక్కకు తోసేస్తే లెక్క ఖాయం. ఇప్పటికీ అప్పుడప్పుడు ప్రదర్శనల్లో ఇలాంటి పలక కనబడుతుంది. నాణేల కన్నా దాని చుట్టూ ఎక్కువ మంది నిలబడటం చూశాను.

1565లో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు మారింది. అంత దెబ్బ తిన్నాక కూడా తిరుమల రాయలు వరహా తూకాన్ని వదల్లేదు. ఆయన నాణెం మీద సీతారాములు కూర్చుని ఉంటారు, పక్కన లక్ష్మణుడు నిలబడి ఉంటాడు. అదీ మూడు గ్రాముల పైచిలుకే. రాజ్యం కుదించుకుపోయినా సొమ్ము మీద నమ్మకం పోకూడదన్న పట్టుదల ఆ తూకంలో ఉంది.

ఈ సీతారాముల బొమ్మే ఇవాళ మన పల్లెల్లో పెద్ద మోసానికి అక్కరకొస్తోంది. ఒకవైపు రామ పట్టాభిషేకం లేదా హనుమంతుడు, రెండోవైపు ఇంగ్లీషులో ఈస్ట్ ఇండియా కంపెనీ, 1818, అర్ధణా అని ఉన్న రాగి బిళ్లలు మీరూ చూసే ఉంటారు. ఇంట్లో పెట్టుకుంటే కలిసొస్తుందని, బియ్యాన్ని లాగుతుందని చెప్పి లక్షలు గుంజిన కేసులు పోలీసు స్టేషన్లకు చేరుతూనే ఉన్నాయి. 'రైస్ పుల్లింగ్' అనే పేరు రెండు రాష్ట్రాల పేపర్లు చదివేవాళ్లకు కొత్త కాదు. కంపెనీ అలాంటి నాణేలు ఎప్పుడూ వేయలేదు. అదే 1818లో కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీలో చేసిన అసలు పని వేరే: వరహాల లెక్కని తీసేసి రూపాయిని ప్రమాణం చేసింది, నూరు వరహాలకు మూడు వందల యాభై రూపాయల చొప్పున. అంతకు ముందు దత్త మండలాల కలెక్టరుగా అనంతపురంలో మకాం పెట్టిన థామస్ మన్రో శిస్తు లెక్కలన్నీ వరహాల్లోనే. దొంగ బిళ్ల చేసినవాడికి ఈ చరిత్ర తెలిసి ఆ సంవత్సరం వేశాడనుకోను.

ఇంకో రకం మోసం ఫోన్లో వస్తుంది. అమ్మవారి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్లకు లక్షలిస్తామంటారు, ముందు కమీషనో పన్నో కట్టమంటారు. తన పేరు, గుర్తు వాడుకుని ఇలా చేస్తున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో జనాన్ని హెచ్చరించింది.

అసలుదో నకిలీదో తేల్చుకోవడానికి పాత సేకర్తలు చేసే పనులు చూడటానికి మామూలుగా ఉంటాయి. మొదట తూకం. జేబులో పట్టే చిన్న కాటా గ్రాములో నూరో వంతు వరకూ చూపిస్తుంది. వరహా మూడు గ్రాములకు దిగినా, నాలుగుకు ఎక్కినా అనుమానించాలి. తర్వాత అంచు. పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ అతుకు గీత మిగులుతుంది, దాన్ని రాకుతారు, రాకిన గుర్తులు భూతద్దంలో కనబడతాయి. పోతలో గాలి బుడగల వల్ల పడే సన్నని గుంటలు ఉంటాయి. సమ్మెట దెబ్బ తిన్న లోహంలో అలాంటివి ఉండవు. అయస్కాంతానికి బంగారం, వెండి, రాగి ఏవీ అంటుకోవు, అంటుకుంటే అక్కడితో కథ అయిపోయినట్టే. బంగారానికి గీటురాయి ఉండనే ఉంది, కానీ అది నాణేన్ని గాయపరుస్తుంది కాబట్టి సేకర్తలు దాని జోలికి పోరు. అన్నింటికన్నా గట్టి పరీక్ష ఇంకోటి: రెండు నాణేల మీద వాడకంలో పడే గీతలు, నొక్కులు ఒకే చోట ఒకేలా కనబడితే రెండూ ఒకే నకిలీ అచ్చులోంచి వచ్చాయని అనుమానించాలి. గీతలు పడటం సహజమే, రెండు వేర్వేరు చేతుల్లో తిరిగి అరిగిన నాణేలకు ఒకేలా పడటం సహజం కాదు. అందుకే తెలిసినవాళ్లు ఒక్క నాణెం చూసి ఎప్పుడూ తీర్పు చెప్పరు.

కాసుల పేరులోంచి తీసిన నాణేలకు అంచు మీద అతుకు పెట్టిన గుర్తుంటుంది. వ్యాపారులు దాన్ని లోపంగా లెక్కగట్టి ధర తగ్గిస్తారు. నాకది లోపం అనిపించదు. ఏ ఇంట్లోనో మెడలో వేలాడింది కాబట్టే కరగకుండా మిగిలింది. 1876లో మొదలైన ధాత కరువులో ఈ సీమలో జనం నగా నట్రా తెగనమ్ముకున్నారు. ఆ తర్వాతి కరువుల్లోనూ అంతే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని నేలలో బంగారం ఎప్పుడూ ఆఖరి ధాన్యమే. అమ్మిన కాసు ఆచారి కుంపట్లో కరిగాక అది అచ్యుతరాయలదో వెంకటపతి రాయలదో చెప్పేవాడుండడు.

ఇక శుభ్రం చేయడం. మన ఇళ్లలో రాగి చెంబు మెరవాలంటే చింతపండు పెట్టి తోముతాం. పొలంలో రాగి నాణెం దొరికినవాడు మొదట చేసే పనీ అదే. ఆ పులుపుకు పైపొర మొత్తం పోతుంది, నాణెం ఎర్రగా, నున్నగా, అక్షరాలు మొద్దుబారి మిగులుతుంది. వందల ఏళ్లలో కట్టిన ఆకుపచ్చ, గోధుమ పొరే లోపలి ముద్రను కాపాడుతుంది. మట్టి ఎక్కువగా ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో కొన్ని రోజులు నానబెట్టి, మెత్తని బ్రష్‌తో, కుదిరితే వెదురు పుల్లతో తీయాలి. పొడి పొడిగా రాలే లేత పచ్చ మచ్చ కనబడితే అది వేరే సంగతి, లోహాన్ని తినే జబ్బు. దాన్ని మిగతా నాణేలకు దూరంగా ఉంచి తెలిసినవాళ్లకు చూపించాలి. దాచడంలో కూడా జాగ్రత్త కావాలి. చవక ప్లాస్టిక్ సంచుల్లో పెడితే కొన్నేళ్లకు జిగురు పచ్చ పొర కడుతుంది.

గుత్తి పైసాది మరో కథ. మురారి రావు ఘోర్పడే చేతిలో ఉన్న గుత్తి కోటను 1770ల మధ్యలో హైదర్ అలీ పట్టుకున్నాడు. టిప్పు కాలంలో ఊరికి ఫైజ్ హిసార్ అని పేరు మార్చి అక్కడ రాగి నాణేలు కొట్టించారు. గుర్రంకొండకు జఫరాబాద్ అని పేరు పెట్టి అక్కడా ఒక టంకసాల పెట్టారు. పైసా సుమారు పదకొండు గ్రాములుంటుంది, వరహా పక్కన పెడితే బండ వస్తువు. ఒకవైపు ఏనుగు, రెండోవైపు పారశీ లిపిలో టంకసాల పేరు. ఏనుగు బొమ్మను చెక్కినవాడు ఏనుగును దగ్గరగా చూసినవాడే. కాళ్ల బరువు, తోక ఊపు తేలిగ్గా వచ్చేవి కావు. తేదీలో ఒక తిరకాసు ఉంది. 1787 నుంచి టిప్పు మౌలూదీ అనే కొత్త లెక్క వాడాడు, అంకెల్ని కుడి నుంచి ఎడమకు రాయించాడు. 1215 అని ఉండాల్సింది మనకు 5121 లాగా కనబడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు అయిదు వేల ఏళ్ల నాణెమా అని నోరెళ్లబెడితే వ్యాపారులు సరదాగా నవ్వుతారు. ఈ టంకసాలలన్నింటినీ వరస పెట్టి రాసిన పుస్తకం జె.ఆర్. హెండర్సన్‌ది, 1921లో మద్రాసులో అచ్చయింది. నూరేళ్లు దాటినా సేకర్తలు ఇప్పటికీ దాన్నే తిరగేస్తారు.

గుత్తి పైసా మీద ఊరి పేరూ, తేదీ రెండూ ఉన్నాయి కదా, దొరికిన చోటుతో పనేముంది అనొచ్చు. పని అక్కడే మొదలవుతుంది. ఎక్కడ కొట్టారో నాణెమే చెబుతోంది కాబట్టి, ఎక్కడ దొరికిందో కూడా తెలిస్తే గుత్తి చిల్లర ఎంత దూరం చెల్లిందో గీత గీసి చూపించొచ్చు. ఇలాంటి లెక్క వంద పైసాలకు తేలితే టిప్పు పాలన ఈ పల్లెల్లోకి ఎంత లోతుగా దిగిందో ఏ కైఫీయత్తూ చెప్పనంత స్పష్టంగా తెలుస్తుంది.

దీనికి మన దగ్గరే గట్టి సాక్ష్యం ఉంది, కరీంనగర్ వైపు. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో ఊరివాళ్లు ఏరిన రాగి నాణేలను పి.వి. పరబ్రహ్మ శాస్త్రి చదివినప్పుడు గోబద, నారన, సమగోప లాంటి కొత్త పేర్లు బయటపడ్డాయి. శాతవాహన వంశ మూలపురుషుడిగా పురాణాలు చెప్పే సిముకుడి పేరు కూడా నాణేల మీద కనబడింది. శాతవాహనుల మొదలు ఎక్కడ అన్న వాదంలో తెలంగాణ బలంగా నిలబడింది ఆ నాణేల వల్ల. అవే బిళ్లలు సంతలో ఒక సీసాలో, ఏ ఊరివో తెలియకుండా కనబడి ఉంటే, సిముకుడి పేరు చదవడం వరకే సాగేది. ఆయన్ని గోదావరి ఒడ్డున నిలబెట్టగలిగింది దొరికిన చోటు.

అనంతపురం నేలలోనూ నాణేలు తేలతాయి. తొలకరి వానకు ఎర్రమట్టి కొట్టుకుపోయి రాళ్లు పైకొస్తాయి. వజ్రకరూరు చుట్టూ జనం వజ్రాల కోసం చేలల్లో వంగి నడిచేది అప్పుడే. గుంటక తోలేటప్పుడు, బావి తవ్వేటప్పుడు, పాత ఇల్లు పడగొట్టేటప్పుడు కూడా దొరుకుతాయి. ఇంకో దారి ఉంది, అది దొంగదారి: గుప్తనిధుల కోసం రాత్రిళ్లు పాడుబడ్డ గుళ్లు తవ్వడం, నంది విగ్రహాల్ని పెకలించడం. వాళ్లకు నాణెం అంటే బంగారం తూకమే.

ఒకసారి ప్రదర్శనలో ఒక పెద్దాయన బల్ల మీద ట్రే నిండా దక్షిణాది రాగి నాణేలున్నాయి. గుత్తి పైసాలు నాలుగైదు ఉన్నాయి. అలవాటు కొద్దీ అడిగాను.

"ఇవి యాడ దొరికినాయి సార్?"

ఆయన కళ్లజోడు పైకెత్తి నన్ను ఒకసారి చూశాడు. కన్నడ యాసలో తెలుగు మాట్లాడాడు.

"అది మాత్రం అడగొద్దు సార్. ఊరి పేరు చీటీ మీద రాస్తే కొనేవాళ్లే భయపడతారు. తెచ్చినవాడు కూడా చెప్పడు."

ఆయన తప్పు చెప్పలేదు. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాగి ఉండి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. తెలియజేయకపోతే శిక్ష. వందేళ్లు దాటిన నాణేలు 1972 చట్టం ప్రకారం పురావస్తువులు, దేశం దాటించకూడదు. చట్టం తప్పని నేననను. కానీ దాని పేరు చెబితే భయం పుట్టింది తప్ప అలవాటు పుట్టలేదు. రైతు నోరు మూసుకుని ఆచారికి అమ్ముతాడు, ఆచారి నోరు మూసుకుని వ్యాపారికి అమ్ముతాడు, ఊరి పేరు మధ్యలో ఎక్కడో పోతుంది. ఇంగ్లండులో ఇదే చిక్కు వచ్చినప్పుడు 1997లో ఒక పథకం పెట్టారు. చట్టం కిందికి రాని చిన్న వస్తువు దొరికినా స్థానిక అధికారికి చూపిస్తే ఫోటో తీసి, తూచి, చోటు రాసుకుని వస్తువు తిరిగి ఇచ్చేస్తారు. పొలాల్లో దొరికిన నాణేల వివరాలు లక్షల్లో పోగయ్యాయి.

మన పాత చట్టంలో జనానికి తెలియని మాట ఒకటుంది. నిధిని ప్రభుత్వం తీసుకోవాలనుకుంటే ఊరికే తీసుకోదు. లోహం విలువ కట్టి, దాని మీద అయిదో వంతు కలిపి హక్కుదారులకు చెల్లించాలని రాసి ఉంది. ఆచారి దగ్గర రాత్రిపూట తరుగు, మజూరీ పోను చేతికొచ్చే దాని కన్నా ఇది నయం. కలెక్టరుకు ఇచ్చే కాగితంలో ఏం రాయాలో కూడా అదే చట్టం చెప్పింది: దొరికినవి ఏమిటి, ఎంత విలువ; ఏ చోట దొరికాయి; ఏ రోజున. తెల్ల కాగితం మీద ఈ మూడు వరసలు రాసి, నాణేలు తోమకుండా, ఉన్న మట్టితోనే తీసుకుపోతే చాలు. పెనుకొండ, లేపాక్షి 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి కాబట్టి అక్కడివాళ్ల కాగితం పుట్టపర్తికి, గుత్తివాళ్లది అనంతపురానికి.